కవ్వం బావ, నీళ్ళ మోటారు

నేను తెలివితక్కువవాణ్ణని ఒప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. ఎంత తెలివితక్కువవాణ్ణో చెప్పడానికే కొంచెం ఉంది. ఇనుప సామాన్ల అంగడి నడిపే ఇంట్లో పుట్టి, పైపుల మధ్య పాకి, బోల్టులతో బొంగరాలాడుకుని పెరిగాను. కర్నూలు బజారులో మా అంగడికి వచ్చి "బాయి మోటారుకు ఏ పైపు వేయాలప్పా?" అని అడిగిన ప్రతి రైతుకూ పైపు అమ్మి, సలహా కొసరుగా వేసేవాణ్ణి. అంతటి వాణ్ణి, పడవ వెనక తగిలించే మోటారును తీసుకుపోయి బావిలో దించాను.

తప్పు సగం నాది, సగం మాటది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊరి నిండా గుడారాలు, గుడారాల నిండా సర్కారు కచేరీలు. బదిలీ అయి పోతున్న ఒక అధికారి తన సామానంతా గుడారం ముందు పోయించి వేలం వేయించాడు. నాకు పాటలు రావు, వేలం పాట ఒక్కటే వచ్చు. అందులోనూ అపశ్రుతే ఎక్కువ. కుర్చీలు, అద్దాలు, గొడుగులు అమ్ముడుపోయాక ఒక చెక్కపెట్టె తెరిచారు. లోపల విచిత్రమైన వస్తువు. తల చూస్తే కిరసనాయిలు స్టవ్వు. నడుము కింద ఒంటి కాలు. ఆ కాలి మడమ దగ్గర ఒక చిన్న పంకా.

"ఇదేందప్పా?" అన్నాను వేలం వేసేవాడితో.

"నీళ్ళ మోటారు."

"యాడ పనిచేస్తాది?"

"నీళ్ళుండే చోట యాడైనా పనిచేస్తాది!"

మా సీమలో నీళ్ళుండే చోటు అంటే బావి. అదీ ఉంటే. నీళ్ళ మోటారు అంటే బావిలోంచి నీళ్ళు తోడే మోటారు. ఇంకో అర్థం ఉండొచ్చునని కోస్తావాడికి తోస్తుందేమో గానీ, గొంతు తడుపుకోవడానికే వానవైపు చూసే మాకు తోచదు. పెట్టెలో ఇంకొక పంకా కూడా విడిగా ఉంది. ఎండాకాలం మోటారుకు ఉక్కపోస్తే విసరడానికి కాబోలు అనుకున్నాను. పాడాను, కొన్నాను.

మా మామ మైదుకూరు దగ్గర పల్లెలో ఉంటాడు. మామ అంటే అమ్మకు తమ్ముడు, ఆయన కూతుర్నే నేను చేసుకున్నాను. ఆ ఇంట్లో నా భార్యా నన్ను బావా అంటుంది, ఆమె అన్నా బావా అంటాడు, అతన్ని నేనూ బావా అంటాను. ఆ అన్న పెద్ద హాస్యగాడు. నాకన్నా ఒళ్ళు రెండింతలు, నోరు నాలుగింతలు. మామ బావి మీద అప్పటికింకా కపిలే నడుస్తోంది. ఎద్దులు వెనక్కీ ముందుకీ నడుస్తూ తోలు బొక్కెనతో నీళ్ళు లాగేవి. నేను భార్యతో, చెక్కపెట్టెతో బస్సు దిగి, "మామా, ఇంక ఎద్దులకు సెలవిచ్చేయ్" అన్నాను.

ఊరంతా బావి చుట్టూ చేరింది. నీళ్ళకు కొంచెం పైగా అడ్డంగా ఒక దూలం వేయించి మోటారును దానికి బిగించాను. కాలు నీళ్ళలో మునిగింది. నెత్తిమీది చక్రానికి బొంగరానికి చుట్టినట్టు తాడు చుట్టి లాగాను. మోటారు అందుకుంది! కాకులు లేచిపోయాయి. బావిలో నీళ్ళు గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. సుడి తిరిగాయి, నురగ కక్కాయి, అడుగున ఏళ్ళ తరబడి నిద్రపోతున్న బురద లేచి పైకి వచ్చింది. రెండు కప్పలు మెట్లెక్కి బయటికి వచ్చి జనంలో నిలబడి చూశాయి. నీళ్ళు మాత్రం ఒక్క జానెడు పైకి రాలేదు. అబద్ధం చెప్పకూడదు, మోటారు మెడ దగ్గరి చిన్న బెజ్జంలోంచి చిటికెన వేలంత ధార వచ్చింది. అది ఇంజను వేడిని చల్లార్చి బయటికి పోయే నీళ్ళని నాకు తర్వాత తెలిసింది. మామ ఆ ధార కింద చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"వేన్నీళ్ళప్పా!" అన్నాడు. "అల్లుడు స్నానానికి వేన్నీళ్ళు కాసినాడు."

అప్పుడు మా బావమరిది బావి గట్టు మీద నిలబడి, పై పంచె నడుముకు చుట్టి, ఊరందరికీ వినపడేలా చెప్పాడు. "అమ్మల్లారా, అక్కల్లారా! మా బావ బాయిని చిలికినాడు. కవ్వం తిరుగుతాండాది. ఇంగ సేపటికి వెన్న పడుతుంది. చెంబులు తెచ్చుకోండి!"

ఆడవాళ్ళు నిజంగానే చెంబులు తెచ్చారు. ఒక ముసలామె "ఉప్పు వేసినావా నాయనా?" అని అడిగింది. ఆ సాయంత్రం బావి తేరుకోలేదు, నేనూ తేరుకోలేదు. ఎద్దులను మళ్ళీ కపిలకు కట్టారు. కట్టేటప్పుడు వాటిలో ఒకటి నా వైపు చూసిన చూపు నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నాకు కవ్వం బావ అని పేరు పడింది. ఎగతాళి కదా, నాలుగు రోజుల్లో పోతుందిలే అనుకునేవాళ్ళు మా సీమలో పుట్టలేదని అర్థం. ఇక్కడ ఇంటిపేరు మరిచిపోతారు గానీ ఎగతాళి పేరు మరిచిపోరు. ఎవడో తాత ఒకరోజు గొడుగు మరిచిపోయి వస్తే మనవళ్ళంతా గొడుగోళ్ళే. నా భార్య అప్పుడు గర్భిణి. కర్నూలుకు తిరుగు బస్సులో ఆమె నా వైపు తిరిగి, "బావా, పుట్టబోయేదాన్ని కవ్వమోళ్ళ బిడ్డ అంటారు" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ తర్వాత నవ్వలేదు.

ఇంటికి చేరాక పెట్టె ఒక మూల పడేశాను. సర్దుతూ సర్దుతూ ఆమె మూత తిప్పి చూసింది. మూత లోపల ఒక రంగు బొమ్మ అంటించి ఉంది. వేలంలో కొన్ననాటి నుంచీ ఉంది. ఏదో సబ్బు ప్రకటన అనుకుని నేను పట్టించుకోలేదు.

"బావా, ఈ దొరను చూసినావా?"

"చూసినా. నవ్వుతాండాడు."

"నవ్వుతాండాడు సరే. యాడ కూర్చోని నవ్వుతాండాడు? బాయిలో కూర్చోలేదే. పడవలో కూర్చోనుండాడు. మోటారు పడవ ఎనక ఉండాది."

ఆ దొర అంతకాలమూ నన్ను చూసే నవ్వుతున్నాడు.

ఒక్క క్షణం సిగ్గేసింది. మరుక్షణం నెత్తికెక్కిన ఉత్సాహం ఎంతంటే ఇంట్లో ఉన్న చాపను నేల మీద పరిచి, దాని చివర మోటారు పెట్టి, మేమిద్దరం ముందు కూర్చుని చూశాం. నా భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. కవ్వాన్ని పడవ చేస్తే నా పేరు మునగకుండా తేలుతుంది. నీళ్ళు తోడడం చేతగాకపోతేనేం, నీళ్ళ మీద తోలడం చేతనవుతుంది కదా! పెళ్ళయిన తర్వాత మొదటిసారి ఆమె నన్ను గట్టిగా ఆజ్ఞాపించింది: "బిడ్డ పుట్టేలోపల చేయాల!"

పడవ కట్టేవాళ్ళు కర్నూలులో లేరు. తుంగభద్ర మీద తిరిగేవి పుట్టీలే. వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రటి గంపలు. గుండ్రటి దానికి వెనక ఏది, ముందు ఏది? మోటారు ఎక్కడ తగిలించాలి? అందుకని బండ్లు చేసే ఆచారి దగ్గరికి పోయాను. నేను చెప్పిందంతా విని, గడ్డం గోక్కుని, "అంతా అర్థమాయ సామీ. చక్రాలు యాడ పెట్టల్ల?" అన్నాడు. చక్రాలు లేవని ఒప్పించడానికి ఒక పూట పట్టింది. ఆయన చేసినది దూరం నుంచి చూస్తే బండి పెట్టె, దగ్గరి నుంచి చూస్తే పెద్ద బండి పెట్టె. సందులకు జనపనార కుక్కి తారు పూసి నదిలో దించాం. తేలింది. "పడవెక్కితే పడవా?" అని ఒడ్డున ఎవరో అడిగారు. పడనన్నాను, ఎక్కాను, పడ్డాను. రెండోసారి ఎక్కాను.

ఇక మోటారు. బావి మోటారు సంగతి నాకు బాగా తెలుసు. పైపు కొస నీళ్ళలో ఎంత లోతుంటే అంత మంచిది. పైకి తేలితే గాలి పీలుస్తుంది, నీళ్ళు రావు. ఈ మాట నేను ఎంతమంది రైతులకు చెప్పానో! అదే లెక్కన, పడవ వెనక పలకకు లోతుగా ఒక గాడి కొట్టించి, మోటారును ఎంత దిగితే అంత కిందికి దింపి బిగించాను. తాడు లాగాను. పడవ కదిలింది. కదిలింది అని మాత్రమే అనగలను. ముక్కు ఆకాశంలోకి లేచింది, వెనక భాగం నీళ్ళలో కూలబడింది. మోటారు కాలు నీళ్ళను చీల్చుకుంటూ పోతుంటే ఆ నీళ్ళు కాలి వెంట పైకెక్కి నా వీపు మీదుగా మెడలోకి దిగాయి. పక్కనుంచి ఒక పుట్టి దాటిపోయింది. దానిలో ఒక మనిషి, రెండు మేకలు. పుట్టి నడిపే ఆయన ఒంటి తెడ్డు ఆపి మరీ చూశాడు.

"ఏమప్పా సావుకారీ, లంగరేసుకోని పోతాండావే!"

మేకలు కూడా ఏదో అన్నాయి.

సరే, కిందికి దించితే కాలేదు కదా, పైకెత్తుదాం అనుకున్నాను. నాకు రెండే దిక్కులు తెలుసు. మర్నాడు వెనక పలక మీద ఒక మొద్దు పెట్టి దాని మీద మోటారు ఎక్కించాను. ఈసారి తాడు లాగగానే అది గాండ్రించింది! పంకా నీళ్ళ పైపైన గాలి మింగి, తెల్లగా నురగ చిమ్మి, పిచ్చెత్తినట్టు తిరిగింది. చప్పుడు చూస్తే మద్రాసు చేరాల్సింది. పడవ మాత్రం పెళ్ళిలో అలిగిన చుట్టంలా కూర్చున్న చోటే కూర్చుంది. మెడ బెజ్జంలోంచి రావాల్సిన చిన్న ధార కూడా ఆగిపోయింది. ఇంజను వేడెక్కి కమురు వాసన వచ్చింది. గాబరాగా ఆపేశాను. పుట్టి ఆయన మళ్ళీ వచ్చాడు.

"అరుపు అలంపురం దాకా పోయింది సావుకారీ, పడవ ఈడే ఉండాది!"

ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూలబడ్డాను. తెల్లారి నా భార్య పెరుగు చిలుకుతోంది. నేను ముఖం తిప్పుకున్నాను. ఆ ఇంట్లో ఆ వస్తువును చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

"ఇట్ల చూడు బావా."

"నేను చూడను."

"కవ్వం కవ్వం అని మా అన్న ఎగతాళి చేసినాడు సరే. కవ్వం ఎట్ల పెడతారో నువ్వు ఎప్పుడైనా చూసినావా? తినేటప్పుడు వెన్నే గదా చూస్తావు." ఆమె కవ్వాన్ని కుండ అడుక్కు దించి తాడు లాగింది. తాడు బరువుగా వచ్చింది, పెరుగు మందంగా మొరాయించింది. "అడుక్కుపోతే ఇట్ల. చేతులు పడిపోతాయి." కవ్వాన్ని పైకి లాగి తిప్పింది. మజ్జిగ చింది నా ముక్కు మీద పడింది. "పైకొస్తే ఇట్ల. చిందుతాది, చప్పుడైతాది, పని కాదు. తల మునిగి ఒక వేలు కింద ఉండల్ల, అంతే. పైనా కాదు, కిందా కాదు." మూడోసారి పెట్టి తిప్పింది. చప్పుడు మారింది. బుడుగ్ బుడుగ్‌మని గుంభనగా, హాయిగా. "ఇదీ!"

నేను ముక్కు తుడుచుకోకుండానే నదికి పరిగెత్తాను.

అప్పుడు గమనించాను. పంకాకు కొంచెం పైన, మోటారు కాలికి అడ్డంగా ఒక చదునైన రేకు ఉంది. చెవి లాగ, చిన్న అరుగు లాగ. దాని పని ఏమిటో తెలియక మొదటి రోజు దానిమీద చెయ్యి పెట్టి మోటారు మోశాను. అది కవ్వం తలకు హద్దు. నీళ్ళు పడవ అడుగు పలక కిందనుంచి జారి వెనక్కి వస్తాయి కదా, ఆ అడుగు పలకతో ఈ రేకు సమంగా ఉండాలి. కిందికి దిగితే ఈడ్పు, పైకి లేస్తే గాలి. మొద్దు తీసేశాను. గాడిలో సన్నని చెక్క ముక్కలు ఒకటొకటిగా పేర్చి మోటారును వేలు మందం, అర వేలు మందం లేపుతూ వచ్చాను. రేకు అడుగుకు సమానమయ్యింది. తాడు లాగాను.

అయ్యో, ఆ నిమిషం నేను ఏమని చెప్పేది! ముక్కు కిందికి దిగింది, వెనక లేచింది, ఆ బండి పెట్టె నీళ్ళ మీదికి ఎక్కి జివ్వున పోయింది. గాలి నా తలపాగాను తీసుకుపోయింది. నేను దానికోసం వెనక్కి తిరిగి చూడను కూడా చూడలేదు. ఇంజను గొంతు మారింది. బుడుగ్ బుడుగ్‌మని, ఆ కుండలో విన్నదే! నేను కేకలు పెట్టాను. ఎవరికి పెట్టానో తెలియదు. పుట్టి ఆయన కూడా తెడ్డు ఎత్తి కేక పెట్టాడు. నది మధ్యలో ఒక రాయి మీద నిలబడ్డ కొంగ దగ్గరికి పోయి, "పో, పోయి మైదుకూరులో చెప్పు!" అని అరిచాను. అది పోయింది. చెప్పిందో లేదో తెలియదు.

మరి రెండో పంకా ఉంది కదా. దాన్నీ ఎక్కించి చూస్తే తప్ప నిద్ర పట్టేట్టు లేదు. మోటారుతో వచ్చిన దానికి రెండే రెక్కలు, బాగా మెలి తిరిగి ఏటవాలుగా ఉంటాయి. పెట్టెలోని దానికి మూడు రెక్కలు, వాలు తక్కువ. రెక్కల లెక్క మొదట తప్పాను. మూడు రెండుకంటే ఎక్కువ కాబట్టి మూడు రెక్కలదే జోరుగా పోతుందనుకున్నాను. కాదు. నేనొక్కణ్ణే కూర్చుంటే రెండు రెక్కలది రయ్యిమని తీసుకుపోయింది. మూడు రెక్కలది వేస్తే ఇంజను ఊరికే కీచుమంది గానీ అంత జోరు రాలేదు. ఆచారిని, ఆయన పరికరాల పెట్టెను ఎక్కించుకున్న రోజున తలకిందులైంది. రెండు రెక్కలది మూలిగింది, మూడు రెక్కలది చక్కగా లాగింది.

ఇది మాత్రం నేను అంగడిలోనే కనిపెట్టాను. మరమేకులు చూస్తే తెలిసింది. మర ఏటవాలుగా ఉన్న మేకు ఒక్కో తిప్పుకు బాగా లోపలికి పోతుంది, కానీ తిప్పే చేతికి నొప్పి. మర దగ్గరగా ఉన్నది కొంచెం కొంచెంగా పోతుంది, చెయ్యి సుఖంగా ఉంటుంది. పంకా కూడా నీళ్ళలో తిరిగే మరమేకే కదా! బరువు తక్కువైతే ఏటవాలు రెక్క, బరువు ఎక్కువైతే వాలు తగ్గిన రెక్క. ఇన్నేళ్ళు మరలమ్ముతూ మర మర్మం తెలియని మరమనిషిగా బతికానని నాకు అప్పుడు తెలిసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా బావమరిది చెల్లెల్ని పురిటికి తీసుకుపోవడానికి వచ్చాడు. ఒక్కడు రాలేదు. ఇద్దరు స్నేహితులను తెచ్చాడు. వాళ్ళు అతనికి తిండిలో కూడా స్నేహితులే. గడపలో అడుగు పెడుతూనే, "ఏం బావా, మజ్జిగ పోయవా?" అన్నాడు.

"మజ్జిగ ఎందుకు బావా, నది దాటిస్తా."

నా నోరు నేను ఆపుకునేలోపల జారిపోయింది. అతని కళ్ళు వెలిగిపోయాయి. ఒక్క క్షణంలో పందెం కట్టేశాడు. మోటారు పడవ, పుట్టి ఒకేసారి బయలుదేరాలి, నా పడవలో అతను కూడా కూర్చుంటాడు. నేను ముందు అవతలి ఒడ్డు చేరితే కవ్వం అనే మాట ఇక జన్మలో అతని నోట రాదు, బావి గట్టు మీద నిలబడి ఊరందరికీ చెప్తాడు. నేను ఓడితే?

"ఓడితే, పేరు పెట్టే దినం బిడ్డ చెవిలో పేరు నేనే చెప్తా. మేనమామను గదా! ఏం చెప్తానో తెలుసు గదా?"

గదిలో చీరలు సర్దుతున్న నా భార్య చెయ్యి ఆగింది. నాకు అది కనపడింది. ఆమె బయటికి వచ్చి, అన్నకు మంచినీళ్ళ చెంబు ఇచ్చి, నా పక్కనుంచి పోతూ, చెవిలో అంది: "ఒక వేలు కింద, బావా. మరిచిపోవద్దు."

నది ఒడ్డున పుట్టి ఆయన సిద్ధంగా ఉన్నాడు. ఆయన పుట్టి ఖాళీ. నేను బావమరిది ఒక్కణ్ణే ఎక్కించుకుంటానని ఏటవాలు పంకా బిగించి, రెండోది పడవలో పడేసి తెచ్చాను. కానీ అతను స్నేహితులిద్దరినీ చెయ్యి పట్టుకుని నా పడవలోకే దించాడు.

"నీ పడవ చూడాలని శానా ఆశ పడినారు బావా. పాపం, మైదుకూరు నుంచి వచ్చిరి!"

ఎత్తు వేశాడని తెలిసింది. నేను మోటారు ఎత్తు సరిచూసుకున్నాను గానీ మనిషి ఎత్తు చూసుకోలేదు. ముగ్గురూ కలిసి వెనకబల్ల మీదే సర్దుకున్నారు. ఒక్కొక్కరు పుట్టెడు జొన్నలంత బరువు. పుట్టి ఆయన హుయ్‌మని తెడ్డు వేశాడు. నేను తాడు లాగాను. ఏటవాలు పంకా ఒక్కసారి మూలిగి, గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టు గుర్రుగుర్రుమంది. ముక్కు ఆకాశానికి. వెనక పలక అంచు నీళ్ళకు బెత్తెడు పైన. పుట్టి ముందుకు పోతూ చిన్నదవుతోంది.

"కవ్వానికి వెన్న పట్టుకున్నట్టుండాది," అన్నాడు బావమరిది.

నేను ఇంజను ఆపేశాను. లోతు తక్కువ ఉన్న ఇసుక మేట దగ్గరికి పడవ చేరింది. నీళ్ళలోకి దూకాను.

"దిగుతాండావా బావా? ఈదుకుంటా పోతావా?"

"పంకా మార్చల్ల."

"సంగటి కెలుకుతా కెలుకుతా తెడ్డు మారుస్తావా!" ముగ్గురూ పడవ ఊగేలా నవ్వారు. నేను మోటారు వంచి, పిన్ను లాగి, ఏటవాలు పంకా తీసి, మూడు రెక్కలది తోసి, పిన్ను బిగించాను. నాకు నవ్వు వస్తోంది. ఎందుకంటే ఏం చేయాలో నాకు తెలుసు! ఇలా తెలియడం నా బతుకులో అంతకు ముందు జరగలేదు. తిరిగి ఎక్కి, చేతులు జోడించాను.

"బావా, నువ్వు పెద్దవాడివి. వెనక కూర్చుంటే మర్యాద కాదు. ముందు కూర్చో. మీరిద్దరూ నడుమ కూర్చోండప్పా."

"ఇప్పుడొచ్చింది బుద్ధి," అని అతను మురిసిపోయి ముక్కు దగ్గరికి పోయి, కాళ్ళు మడిచి, మీసం దువ్వుకుని కూర్చున్నాడు. వెనక లేచింది. ముక్కు దిగింది. అతని బరువుకు ఇన్నాళ్ళకు ఒక ఉపయోగం దొరికింది.

తాడు లాగాను. ఆ చప్పుడు! బుడుగ్ బుడుగ్ బుడుగ్! పడవ నీళ్ళను పక్కకు తోసుకుంటూ, ఊపిరి పట్టి, మెల్లగా లేచి, లేచి, ఇక ఆగలేదు. పుట్టి పెద్దదవుతూ వచ్చింది. బావమరిది మొదట ఏదో పాడబోయాడు. నోట్లోకి గాలి పోయింది. ఆ తర్వాత పడవ అంచును రెండు చేతులతో పట్టుకున్నాడు. స్నేహితుల్లో ఒకడు దేవుళ్ళను పిలిచాడు, ఇంకొకడు వాళ్ళమ్మను పిలిచాడు. పుట్టిని దాటేటప్పుడు పుట్టి ఆయన తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, తన ఓటమికి తానే చప్పట్లు కొట్టాడు. అవతలి ఇసుకలోకి పడవ ఎంత ఊపుగా ఎక్కిందంటే, బావమరిది అంతకంటే ఊపుగా ముందుకు పోయి ఇసుక మీద సాష్టాంగపడ్డాడు. నాకు మొక్కాడని నేను ఈనాటికీ చెప్పుకుంటాను.

లేచి, మీసంలో ఇసుక దులుపుకుని, "ఓడ ఎక్కినా, ఓడినా," అన్నాడు. "మాటంటే మాటే. కవ్వం అనను."

మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ తర్వాత బావి గట్టు మీద ఊరందరి ముందూ చెప్పాడు. నేనే చెప్పమంటే, బిడ్డ చెవిలో వాళ్ళ అవ్వ పేరే చెప్పాడు. కానీ ఆ ఒడ్డున, అక్కడికక్కడే, పెదవి కొరుక్కుంటూ స్నేహితుల వైపు తిరిగి కన్ను కొట్టాడు.

"కవ్వం బావ అననప్పా. పందెంలో వేన్నీళ్ళ మాట లేదు గదా? ఇంగ మీద వేన్నీళ్ళ బావ!"

ముగ్గురూ పడి పడి నవ్వారు. నేను కూడా నవ్వాను. నా నవ్వు ఎందుకో వాళ్ళకు అర్థం కాలేదు.

"తిరిగి పోదాం రా బావా," అన్నాను.

"నీ పడవ వద్దప్పా సామీ! వచ్చేటప్పుడు నా గుండె ముందొచ్చింది, నేను ఎనకొచ్చినా. పుట్టిలోనే వస్తాం. మెల్లగా, నిమ్మళంగా."

"మీ ఇష్టం," అన్నాను. వాళ్ళు ముగ్గురూ పుట్టిలో సర్దుకుని కూర్చునేలోపల నేను నిమ్మళంగా ఏటవాలు పంకా ఎక్కించాను. పడవలో నేనొక్కణ్ణే. రేకు అడుగుకు సమంగా ఉందో లేదో వేలు పెట్టి చూసుకున్నాను. పుట్టి మా ఒడ్డు దగ్గర నడుము లోతుకు వచ్చేదాకా ఆగాను. మునిగినా తలపాగా తడవదు. ఆ తర్వాత తాడు లాగాను.

పడవ రయ్యిమని నది దాటి, పుట్టి చుట్టూ ఒక చక్కటి చుట్టు తిరిగింది. అలలు పోయి పుట్టికి తగిలాయి. గుండ్రటి వస్తువుకు ముందూ వెనకా లేవు కదా, అది కూడా తిరగడం మొదలుపెట్టింది. మొదట గౌరవంగా, ఆ పైన హుషారుగా. పుట్టి ఆయన తెడ్డు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన కళ్ళలో నాకు అభ్యంతరం కనిపించలేదు.

"బావా! ఏం చేస్తాండావ్!" బావమరిది ముఖం కనిపించింది, వీపు కనిపించింది, ముఖం కనిపించింది.

"ఏమంటివి నన్ను?"

"వేన్నీళ్ళ..." అది పూర్తి కాలేదు. ఇంకో చుట్టు వేశాను.

"అననప్పా! ఏమీ అనను!" వీపు అంది. "ఉత్త బావ! వట్టి బావ!" ముఖం అంది. "మా చెల్లెలి మీద ఒట్టు!"

ఒడ్డున నా భార్య ఒక చేత్తో నడుము, ఒక చేత్తో నోరు పట్టుకుని నిలబడి ఉంది. అతను ఒట్టు పెట్టాడు కాబట్టి నేను ఆపేయాలి. న్యాయం అదే. కానీ ఇంజను అంత హాయిగా కూస్తోంది, రేకు అంత సరిగ్గా కుదిరింది, గాలి అంత చల్లగా ఉంది. నేను చేతులెత్తి అతనికి నమస్కారం పెట్టి, ఇంకొక చుట్టు తిరిగాను.

ఆ చుట్టు ఎందుకంటారా? పంకా బాగుంది, అంతే.